మైనస్ ఎత్తున్న ట్యాంకు

సమాన ప్రతిభా పరీక్షల మండలి అధ్యక్షులవారు విదేశ పర్యటన ముగించుకుని వచ్చిన వారంలోనే రాష్ట్రంలో పిల్లలకి ఎక్కాల బాధ తీరిపోయింది. ఆ దేశంలో ఆయన ఒక పరీక్ష హాల్లోకి తొంగి చూశారట. ప్రతి పిల్లవాడి ముందూ ఒక ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ ఉందట. ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టడం లేదు, ఎవరూ పెన్సిల్ కొరుకుతూ పైకప్పు వంక చూడడం లేదు. ఆ ప్రశాంతత ఆయన్ని కదిలించింది. మన పిల్లల ముఖాల్లో కూడా అలాంటి ప్రశాంతత చూడాలని విమానంలోనే నిర్ణయించుకున్నారు.

పదో తరగతి దాటి పాలిటెక్నిక్‌లో చేరాలంటే ఈ మండలి పెట్టే లెక్కల పరీక్ష రాయాలి. ఆ పరీక్షలో ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ వాడవచ్చునని మొదట ఒక సర్క్యులర్ వచ్చింది. వాడవచ్చు అంటే కొందరు వాడరు, అప్పుడిక సమానత్వం ఏముంటుందని ఎవరో అడిగారు. వాడి తీరవలెనని రెండో సర్క్యులర్ వచ్చింది. బుర్ర ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య తరతరాలుగా ఉన్న అంతరం దీంతో తొలగిపోతుందని అధ్యక్షులవారు పత్రికలవాళ్లకి చెప్పారు.

తర్వాత ఒక అనుమానం బయల్దేరింది. ఈ యంత్రంలో ఏదైనా రాసి దాచుకోవచ్చు. సూత్రాలు దాచుకోవచ్చు, లెక్క చేసే పద్ధతి మొత్తం దాచుకోవచ్చు. అది కాపీ కిందికి వస్తుంది. కాబట్టి ఏదైనా దాచుకోగల యంత్రం తప్పనిసరిగా తేవాలి, అందులో ఏమీ దాచుకోకుండా తేవాలి అని మూడో సర్క్యులర్ వచ్చింది. అలాంటప్పుడు కూరగాయల కొట్టువాడు వాడే మామూలు కాలిక్యులేటర్ సరిపోదా అని సమావేశంలో ఒక కుర్ర అధికారి అన్నాడు. అతన్ని గ్రంథాలయ శాఖకి పంపించారు.

హాల్లోకి వెళ్లే ముందు ప్రతి కాలిక్యులేటర్ జ్ఞాపకాన్నీ తుడిచెయ్యాలి. ఎవరు తుడవాలి? లెక్కల మాస్టార్లు పరీక్ష దరిదాపుల్లో ఉంటే పిల్లలకి సాయం చేస్తారు, నిష్పక్షపాతం దెబ్బతింటుంది. అందుకని లెక్కలు రాని టీచర్లనే ఎంపిక చెయ్యమన్నారు. లెక్కలు వచ్చినవాళ్లు పరీక్ష గురించి ఎలాంటి అభిప్రాయమూ వెలిబుచ్చకూడదని కూడా చివర్లో చేర్చారు.

అలా మల్లవరప్పేట బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే హైమావతికి స్మృతి ప్రక్షాళనాధికారిణి అని ఉత్తర్వు వచ్చింది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. సమాసం తప్పు లేకుండా ఉంది. ఇంక ఆవిడకి పేచీ పెట్టడానికి ఏమీ దొరకలేదు.

శిక్షణ ఒక పూటలో అయిపోయింది. యంత్రం వెనక చిన్న కన్నం ఉంటుంది. అందులో సన్నటిది ఏదైనా గుచ్చి పట్టుకుంటే తెర ఖాళీ అవుతుంది. ఆ సన్నటిది ఏమిటన్నది సర్క్యులర్లో లేదు. వచ్చిన డ్రిల్లు మాస్టార్లు, హిందీ పండితులు జేబులు తడుముకుంటూ ఉండిపోయారు. హైమావతి తన గాజుకి తగిలించుకున్న పిన్నీసుల గుత్తిలోంచి ఒకటి తీసి ఇచ్చింది. సాయంత్రానికి ఆ గుత్తి ఖాళీ అయింది. తుడిచాక తెర మూలన చిన్న ఇంగ్లీషు అక్షరం ఒకటి కొత్తగా కనిపిస్తోందని ఆవిడ అడిగితే, శిక్షకుడు వంగి చూసి, అది కంపెనీ వాళ్ల గుర్తు, పట్టించుకోవద్దు అన్నాడు.

పరీక్ష రోజు హైమావతి కేంద్రంలో పిల్లలు వరసగా యంత్రాలు పట్టుకుని నిలబడ్డారు. సూత్రాలు కనిపించాయి, క్రికెట్ ఆట కనిపించింది, ఒక పిల్ల యంత్రంలో ఛందస్సు గణాలు కనిపించాయి. లెక్కల పరీక్షకి గణాలు ఎందుకే అని అడిగితే, తెలుగు పరీక్షకి దాచుకున్నానండీ, తీయడం మర్చిపోయానండీ అంది. తన సబ్జెక్టు కోసం ఇంత కష్టపడిన పిల్లని చూసి హైమావతికి ముచ్చటేసింది. అయినా పిన్నీసు గుచ్చి అన్నీ తుడిచేసింది. ఆ పూట రాష్ట్రమంతటా అలాగే తుడిచారు.

హైమావతి కూతురు ప్రణవి అదే పరీక్షని ఊళ్లో ఇంకో కేంద్రంలో రాసింది. ఆ పిల్లకి సివిల్ డిప్లొమా చదవాలని కోరిక. ఎక్కడ ఇల్లు కడుతున్నా అక్కడ ఆగిపోతుంది. కర్రలు నిలబెట్టడం, కమ్మీలు వంచడం చూస్తూ ట్యూషన్‌కి ఆలస్యంగా వెళ్లేది. తల్లీతండ్రీ కూడా ఆ సీటు మీదే ఆశ పెట్టుకున్నారు. కాబట్టి ఇంటికి రాగానే అన్నం వడ్డిస్తూ హైమావతి ఒక్కో లెక్కా అడిగింది. అన్నీ బాగానే చేశాను, ఒక్క ట్యాంకు లెక్క దగ్గరే గొడవ అంది ప్రణవి.

కోణాలున్న లెక్క పేపర్లో అదొక్కటే, పది మార్కులది. ఒక నీళ్ల ట్యాంకు అడుగు నుంచి ముప్పై మీటర్ల దూరంలో నేల మీద నిలబడిన మనిషి తల పైకెత్తి ట్యాంకు కొనని చూస్తే, ఆ చూపు నేలతో ముప్పై డిగ్రీల కోణం చేస్తోంది. ట్యాంకు ఎత్తు ఎంత? ప్రణవి కాలిక్యులేటర్లో నొక్కింది. మైనస్ నూట తొంభై రెండు మీటర్లు అని వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. పక్కనున్నవాళ్లంతా గబగబా అదే రాసేస్తున్నారు. ఈ పిల్ల మాత్రం శేషగిరి మాస్టారు బట్టీ పట్టించిన ముప్పై, నలభై అయిదు, అరవై డిగ్రీల పట్టిక గుర్తు చేసుకుని, చేత్తో భాగించి, పదిహేడు మీటర్ల చిల్లర అని రాసి వచ్చింది.

"అందరూ ఒకటి రాస్తుంటే నువ్వొకటి రాయడం ఏమిటే" అంది హైమావతి.

"ట్యాంకు భూమిలో ఎలా ఉంటుందమ్మా? అతను పైకి చూశాడని వాళ్లే రాశారు."

అదీ నిజమే అనిపించి హైమావతి ఇంకో గరిటె పప్పు వేసింది.

ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం ఇంతకుముందు ఎన్నడూ ఎరగని ఫలితాలు. ట్యాంకు లెక్కకి దాదాపు అందరికీ పదికి పది. ఆ పది మార్కులు అందరికీ కలిసేసరికి అర్హతకి కావలసిన మార్కు పైకి లేచింది. ప్రణవి దాని కిందనే ఉండిపోయింది. పేరు పక్కన అర్హత లేదు అని ఉంది.

పక్కింటి ఇందుమతి కొడుకు భార్గవ్‌కి మంచి ర్యాంకు వచ్చింది. ఇందుమతి లడ్డూల పళ్లెంతో వచ్చి, ప్రణవి సంగతి తెలిసి, పళ్లెం కొంగు చాటున పెట్టుకుని కాసేపు కూర్చుంది. మా వాడికి ట్యాంకు లెక్క నోటితో చెప్పమంటే రాదు వదినా, ఏదో ఆ మిషను పుణ్యం అంది. ఓదార్పుగా అన్న మాటే అది. ప్రణవి లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు బడిలో విరామం వేళ హైమావతి శేషగిరి మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన లెక్కల మాస్టారు. ముందు ఆయన అటూ ఇటూ చూసి, నన్నడక్కండి, నేను లెక్కలు తెలిసినవాడిని, నాకు అభిప్రాయం ఉండకూడదు అన్నారు. హైమావతి అక్కడే నిలబడింది. ఆయన టీ గ్లాసు పట్టుకుని సైకిళ్ల షెడ్డులోకి నడిచారు. ఆవిడ వెంట వెళ్లింది.

"అభిప్రాయం చెప్పడం లేదు, హైమావతి గారూ. ఊరికే ఒక పోలిక చెబుతున్నా. మీరు కొట్టువాడి దగ్గర బియ్యం ముప్పై అన్నారు. మీ మనసులో ఉన్నవి కిలోలు. వాడు బస్తాలనుకుని లెక్కకట్టాడు. ఈ మిషను మామూలుగా కోణాన్ని డిగ్రీల్లో కొలిచేలా పెట్టుకుంటాం. కన్నంలో పిన్ను గుచ్చి మొత్తం తుడిచేస్తే ఆ సర్దుబాటు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. రేడియన్లని ఇంకో కొలత ఉంది, దాన్లోకి పోతుంది. మూలన అక్షరం కనిపించేది అందుకే."

"మరి జవాబులు తయారుచేసినవాళ్లకి తెలియదాండీ?"

"వాళ్లవీ తుడిపించారండీ. రూలు అందరికీ ఒకటేగా."

"దిద్దినవాళ్లయినా చూడలేదా?"

"కీ చూసి దిద్దాలి. బుర్ర చూసి దిద్దితే మెమో" అని మాస్టారు టీ చివరి గుక్క తాగి, నేనేమీ చెప్పలేదు అని గుర్తుచేసి వెళ్లిపోయారు.

హైమావతికి కళ్ల ముందు పిన్నీసులు కదిలాయి. తన కేంద్రంలో తనే గుచ్చింది. కూతురి కేంద్రంలో ఇంకెవరో గుచ్చారు. ఆ పిన్ను కూడా తన గాజు నుంచి వెళ్లిందేనేమో. ఆ రాత్రి భర్త రామబ్రహ్మంతో ఈ సంగతంతా చెప్పింది. ఆయన బీమా ఆఫీసులో పనిచేసే నెమ్మదైన మనిషి. ఎవరితోనూ పెట్టుకోవడం ఎందుకు, వచ్చే ఏడు మళ్లీ రాస్తుందిలే అన్నాడు. వచ్చే ఏడు మాత్రం ట్యాంకు పైకి వస్తుందా అంది హైమావతి. ఆయన దుప్పటి సరిచేసుకున్నాడు.

శనివారం సెలవు పెట్టి తల్లీకూతుళ్లు మండలి కార్యాలయానికి వెళ్లారు. మూల్యాంకన విభాగానికి సంయుక్త కార్యదర్శి పరాంకుశం గారు. మర్యాదస్థుడు. కూర్చోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు, హైమావతి చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత కళ్లు తెరిచారు.

"చూడండమ్మా, మండలి దృష్టిలో జవాబు తప్పా ఒప్పా అన్నది తదుపరి అంశం. జవాబు ఏకరూపంగా ఉన్నదా లేదా అన్నది ప్రధానాంశం. లక్షలాది అభ్యర్థులు ముక్తకంఠంతో ఒకే జవాబు రాశారు. ఇటువంటి ఏకాభిప్రాయం గణితశాస్త్రంలో ఇంతవరకు సాధ్యపడలేదు."

ఎత్తు మైనస్ ఎలా అవుతుందని హైమావతి అడిగింది. మైనస్ అనునది దిశాసూచి మాత్రమేనని, ట్యాంకు ఉనికిని మండలి కాదనడం లేదని, దాని దిశ భూమికి దిగువగా నిర్ధారణ అయిందని ఆయన సెలవిచ్చారు.

"ఆ మనిషి పైకి చూశాడని మీ ప్రశ్నలోనే ఉందండీ" అంది ప్రణవి.

"చూశాడు. ట్యాంకు దిగువన ఉండగా ఆయన ఎగువకు చూశాడు. సదరు వ్యక్తి పరిశీలనా లోపానికి మండలి బాధ్యత వహించజాలదు."

అయినా ఆయనది మెత్తటి మనసు. పిల్ల ముఖం చూసి సొరుగులోంచి ఒక కాగితం తీశారు. యంత్రానుకూలత కొరవడిన అభ్యర్థులకు సానుభూతి మార్కులు ఇచ్చే వీలు ఉందట. కుటుంబ పరిస్థితుల వల్ల కాలిక్యులేటర్ మీద నమ్మకం పెంపొందించుకోలేకపోయిందని, ట్యాంకు భూమి లోపలే ఉందని ఇప్పుడు గ్రహించిందని తల్లి సంతకం చేస్తే చాలు. పది రావు గానీ అర్హతకి సరిపడా వస్తాయి. సీటు వస్తుంది.

హైమావతి కలం తీసింది. ఇంటిల్లిపాదీ పస్తున్నట్టు తిరుగుతున్న ఈ నాలుగు రోజులూ గుర్తొచ్చాయి. ఒక్క సంతకం. అబద్ధమే, కానీ ఎవరికీ నష్టం లేని అబద్ధం. ప్రణవి వద్దనలేదు. తల్లి చేతి వైపు చూస్తూ మెల్లిగా ఒక్క మాట అడిగింది.

"అమ్మా, అక్కడ చేరాక ట్యాంకు కట్టమంటే నేను ఎటు కట్టాలి?"

హైమావతి ఆ కాగితాన్ని మళ్లీ ఆయన వైపు జరిపింది. తర్వాత కలం మూత పెట్టి, మీరు పెద్ద మనసు చేసుకున్నారు, కానీ మా ఇల్లే ట్యాంకు వీధిలో ఉందండీ, రోజూ కళ్లెదుట కనబడేదాన్ని లేదని రాయలేను, కావాలంటే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు అంది. ఆ మాటే అప్పీలు కింద రాసి ఇమ్మన్నారు పరాంకుశం గారు. రాసిచ్చింది.

ఈ సంగతి ఊళ్లో పాకింది. హైమావతి టీచరు మండలి మీద ఫిర్యాదు చేసిందట, ట్యాంకు పైనే ఉందని తేలితే అందరి ర్యాంకులూ పోతాయట. కూరగాయల బండి దగ్గర పలకరింపులు తగ్గాయి. ఒకాయన రామబ్రహ్మాన్ని దారిలో ఆపి, పదిమందితో పాటు పోవాలండీ అని హితవు చెప్పాడు. ఇందుమతి అయితే వంటింట్లోకే వచ్చి పీట వాల్చుకుంది.

"నీ బాధ నాకు తెలియంది కాదు వదినా. కానీ ఒక్క పిల్ల కోసం ఇంతమంది పిల్లల నోట్లో మట్టి కొడతావా? ట్యాంకు ఎక్కడుంటే మనకేమిటి, నీళ్లు వస్తున్నాయిగా."

"నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి ఇందూ?"

"కుళాయిలోంచి" అంది ఇందుమతి. ఆ మాటతో ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ నవ్వుకోలేదు.

అప్పీలుదారు ఒక నిర్దిష్ట ట్యాంకుపై ఆధారపడినందున సదరు ట్యాంకును పరిశీలించవలసి ఉందని మండలి తీర్మానించింది. పరాంకుశం గారి నాయకత్వంలో క్షేత్రస్థాయి నిర్ధారణ సంఘం రెండు జీపుల్లో దిగింది. సంఘంలో లెక్కలు తెలిసినవారు లేకుండా జాగ్రత్తపడ్డారు. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. ట్యాంకు అడుగు నుంచి టేపు పరిచి ముప్పై మీటర్లు కొలిస్తే ఇందుమతి ఇంటి గేటు దగ్గర తేలింది. అక్కడ నేల మీద గుడ్డ పరిచి పరాంకుశం గారు బోర్లా పడుకుని, పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానినిని కంటి దగ్గర పెట్టుకుని ట్యాంకు కొనకేసి చూశారు. కోణం అటూ ఇటూగా ముప్పై డిగ్రీలే. ఇందుమతి ఆయనకి గడ్డం కింద పెట్టుకోమని దిండు తెచ్చిచ్చింది.

ఆ తర్వాత, నిబంధన ప్రకారం పిన్ను గుచ్చి తుడిచిన యంత్రాన్ని సీలు విప్పి బయటికి తీశారు. ప్రక్షాళన జరిగిందని సాక్షి సంతకం హైమావతి చేతే పెట్టించారు. నొక్కారు. మైనస్ నూట తొంభై రెండు.

సంఘ సభ్యులు ఒకసారి యంత్రాన్ని చూశారు. ఒకసారి తలెత్తి ట్యాంకుని చూశారు. ట్యాంకు మీద రెండు కాకులున్నాయి. ఒక సభ్యుడు గొంతు సవరించుకుని, అది పైనే ఉన్నట్టు అగుపిస్తోందండీ అన్నాడు. అగుపించుట వేరు, నిర్ధారణ వేరు అన్నారు పరాంకుశం గారు బట్టలకంటిన దుమ్ము దులుపుకుంటూ. మల్లవరప్పేట ట్యాంకు భూమికి నూట తొంభై రెండు మీటర్ల దిగువన ఉన్నదని, ఎగువన ఉన్నట్లు స్థానికంగా ఒక భావన ప్రబలి ఉన్నదని అక్కడికక్కడే నివేదిక రాసుకున్నారు. జీపులు వెళ్లిపోయాయి. ప్రణవి గేటు దగ్గర నిలబడి అవి మలుపు తిరిగేదాకా చూసింది. ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఇంక మా పిల్ల సీటు సంగతి ఇంతే అనుకుంది హైమావతి.

నివేదిక ప్రతి ఒకటి పద్ధతి ప్రకారం పురపాలక సంఘానికి వెళ్లింది. అక్కడి నుంచి ఆడిట్ వారి బల్ల మీదికి వెళ్లింది. ఆడిట్ వారు దాన్ని శ్రద్ధగా చదివారు. ట్యాంకు భూమికి అంత దిగువన ఉండగా, దానిలోకి నీరు ఎక్కించుటకు మోటారు ఏల? నీరు తనంతట తానే దిగును కదా? ఇన్నేళ్లుగా మోటారుకి కరెంటు బిల్లు ఏ ఆధారంతో చెల్లించారు? మోటారు ఆపించారు.

ట్యాంకు వీధికి నీళ్లు ఆగిపోయాయి.

జనం బిందెలతో పురపాలక సంఘం ఆఫీసు ముందు కూర్చున్నారు. అక్కడి ఇంజనీరు తల పట్టుకున్నాడు. పైనున్న ట్యాంకుకి నీళ్లు ఎక్కిస్తే రూలు ఒప్పుకోదు, కిందున్న ట్యాంకు నాకు కనబడదు, నేనేం చెయ్యనమ్మా అని ఆడవాళ్లనే అడిగాడు. లారీ నీళ్లు వచ్చాయి. ఒకరి బిందె ఒకరు తోసుకున్నారు. ఉతకాల్సిన బట్టలు గుట్టపడ్డాయి. పదిమందితో పాటు పోవాలన్న పెద్దమనిషి తువ్వాలు భుజాన వేసుకుని, స్నానానికి చుట్టాలింటికి వెళుతూ రామబ్రహ్మాన్ని చూసి తల తిప్పుకున్నాడు.

వారం తిరక్కుండా వీధి ఆలోచన మారింది. ట్యాంకు పైనే ఉందని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి అన్నారు. ఆ చెప్పేది టీచరుగారైతే బాగుంటుంది అన్నారు. అందరూ కలిసి హైమావతి ఇంటికి వచ్చారు. అందరికన్నా ముందు ఇందుమతి ఉంది.

"నువ్వు మొదలుపెట్టిందేగా వదినా, నువ్వే తేల్చాలి. ట్యాంకు పైకి రావాలి."

"పైకి వస్తే పిల్లల ర్యాంకులు?"

"అది వేరు, ఇది వేరు. అక్కడ కిందే ఉండనీ. ఇక్కడ మాత్రం పైకి రావాలి."

ఆ మాట విని వీధి మొత్తం తలూపింది. హైమావతి పొయ్యి కట్టేసి వచ్చి, పరాంకుశం గారికి మళ్లీ ఒక అర్జీ రాసింది. ఈసారి లెక్క గురించి ఒక్క ముక్క రాయలేదు. వీధిలో పసిపిల్లలున్నారని, నీళ్లు లేవని, ట్యాంకుని పైకి తెచ్చే వీలు ఏదైనా మండలి చేతిలో ఉంటే చూడమని రాసి, వచ్చినవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించింది.

మండలిలో మూడు సమావేశాలు జరిగాయట. ట్యాంకు పైనుందంటే లక్షలమంది ర్యాంకులు తారుమారవుతాయి. కిందుందంటే ఒక వీధి దాహంతో ఉంటుంది. చివరికి పరాంకుశం గారే దారి కనిపెట్టారు. వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. దాన్ని హైమావతి అరుగు మీద నిలబడి అందరికీ చదివి వినిపించింది.

"మంచినీటి సరఫరా నిమిత్తము మాత్రమే, మల్లవరప్పేట ట్యాంకు, దాని నుండి కుళాయి కనెక్షన్ పొందిన గృహముల పరిధి మేరకు, భూమికి ఎగువన ఉన్నట్లు భావింపబడును. సదరు పరిధిలో నివసించు అభ్యర్థుల విషయమున పదిహేడు మీటర్ల జవాబు సరియైనదిగా పరిగణింపబడును. మిగిలిన రాష్ట్రమున ట్యాంకు స్థానమునందు మార్పు లేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది ప్రణవికి. ఆ పిల్ల ఇల్లు ట్యాంకు వీధిలో ఉంది, ఇంట్లో కుళాయి ఉంది, జవాబు పదిహేడు మీటర్లు. పదికి పది. హైమావతి ఆ రెండో వాక్యం మళ్లీ చదివింది. రామబ్రహ్మం లోపలికి వెళ్లి కళ్లద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. ఈలోగా కుళాయిలో గాలి బుసకొట్టి, ఎర్రటి నీళ్లు కాసిని కక్కి, తర్వాత తెల్లటి ధార మొదలైంది. ఎవరి బిందె కోసం వాళ్లు పరిగెత్తారు.

పరిగెత్తనిది ఇందుమతి ఒక్కతే. ప్రణవి తర్వాత అర్థమైంది ఆవిడకే. భార్గవ్ ఇల్లు కూడా ట్యాంకు వీధిలోనే ఉంది. ఆ ఇంట్లోనూ కుళాయి ఉంది. మైనస్ నూట తొంభై రెండు అన్న వాడి జవాబు ఇప్పుడు తప్పు. ఆ పది మార్కులు పోతే సీటే పోతుంది.

రాత్రంతా ఆవిడ ఆలోచించింది. తెల్లవారగానే తెల్లకాగితం పట్టుకుని వచ్చింది.

"తెలుగు నీది బాగుంటుంది. ఒక దరఖాస్తు రాసి పెట్టు వదినా."

ఏమని రాయాలో హైమావతి అడిగింది. మా ఇంటి కుళాయి కనెక్షన్ తీసెయ్యమని రాయి అంది ఇందుమతి. కుళాయి లేకపోతే మేము ఆ పరిధిలోకి రాము, మాకు ట్యాంకు కిందికి పోతుంది, మా వాడి మార్కులు మాకుంటాయి అని నెమ్మదిగా, ఎప్పుడో లెక్కకట్టి పెట్టుకున్నట్టు చెప్పింది. హైమావతి ఆవిడ వంక చూసింది. రాత్రి నిద్రలేని కళ్లు. పరీక్ష ఫలితాల రోజు తన కళ్లు కూడా ఇలాగే ఉండి ఉంటాయి. కాగితం ముందుకు లాక్కుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసి ఇచ్చింది.

రెండు రోజుల్లో పురపాలక సంఘం మనిషి వచ్చి గొట్టం కోసి, చివర బిరడా బిగించి వెళ్లాడు. భార్గవ్ ర్యాంకు నిలబడింది. కౌన్సెలింగ్‌కి పిల్లలిద్దరికీ పిలుపొచ్చింది. ఇద్దరూ ఒకే పాలిటెక్నిక్, ఒకే సివిల్ బ్రాంచి పెట్టుకున్నారు. ప్రణవి వెళ్లేముందు తల్లి కాళ్లకి దణ్ణం పెట్టబోతే, ముందు తిను అని ఇడ్లీల పళ్లెం ముందుకు తోసింది హైమావతి. ఆ గొంతులో కొత్త హుషారు గమనించి రామబ్రహ్మం కూడా ఇంకో రెండు వేయించుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి ఇందుమతి రెండు బిందెలు పట్టుకుని పక్కింటికి రావడం మొదలుపెట్టింది. హైమావతి పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, అవి నిండేదాకా వీధి కబుర్లు చెబుతుంది. ఒకరోజు ప్రణవి అంట్లగిన్నెలు తెచ్చి పక్కన పెట్టి, నిండిన బిందె ఆవిడ చంకనెత్తింది. ఇందుమతి బరువు సర్దుకుని ఆగింది.

"ఇద్దరూ ఒకే క్లాసుగా తల్లీ. మా వాడికి ఆ ట్యాంకు లెక్క కాస్త నేర్పుతూ ఉండు. ఇప్పుడే వద్దు. సీటు ఖాయమయ్యాక."

"ఖాయమయ్యాక మీ ట్యాంకు కూడా పైకి వచ్చేస్తుందా అత్తా?"

ఇందుమతి వీధి చివరకేసి చూసింది. సాయంత్రపు ఎండలో ట్యాంకు ఎర్రగా, ఎప్పుడూ ఉన్నచోటే ఉంది.

"రాకపోతే ఈ బిందెలు నేనెన్నాళ్లు మొయ్యనే" అని, తొణక్కుండా నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లింది.